ప్రెస్ మీట్ పెడితే చాలా? లోకల్ మీడియాతో సంబంధం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తెగుతుంది

చిన్న టౌన్లో ఓ ఆస్పత్రో, స్కూలో, రైతుల సొసైటీయో మొదలైందంటే మొదటి వారంలోనే ఎవరో ఒకరు "పేపర్లో పడాలి కదా" అంటారు. అనడమే ఆలస్యం, ప్రెస్ మీట్ పెట్టడం, శాలువాలు కొనడం, టిఫిన్లు చెప్పడం, ఎమ్మెల్యే గారి టైమ్ కోసం ఆయన ఇంటి చుట్టూ తిరగడం అన్నీ జరిగిపోతాయి. మర్నాడు పొద్దున పేపర్ తెరిస్తే జిల్లా పేజీలో ఓ మూల సింగిల్ కాలమ్, అందులో సగం ఎమ్మెల్యే గారు ఏమన్నారో, మిగతా సగం వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో. సంస్థ అసలు ఏం చేస్తుందో ఒక్క ముక్క ఉండదు. ఆ తర్వాత ఏడాది పాటు విలేకరి గుర్తుకే రాడు, మళ్లీ వార్షికోత్సవం అప్పుడు ఫోన్ చేస్తారు, అతను ఎత్తకపోతే "మీడియా వాళ్లింతే, డబ్బులిస్తేనే రాస్తారు" అని తేల్చేస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు, ఆ కథ కిందకి వస్తుంది. కానీ ఎక్కువ గొడవ లోకల్ పేపర్ ఎలా తయారవుతుందో తెలియకపోవడం వల్లే.

జిల్లా పేజీ ఎందుకు పుట్టిందో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. ఈనాడు 1974 ఆగస్టు 10న హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కాకుండా విశాఖపట్నంలో మొదలైంది, పెద్ద పేపర్లు ఆలస్యంగా చేరే ప్రాంతంలో పొద్దున్నే గుమ్మంలో పేపర్ పడటమే అప్పట్లో పెద్ద విషయం. తర్వాత 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి వెయ్యికి పైగా మండలాలు చేసింది, ఎమ్మార్వో ఆఫీసు, మండల పరిషత్తు, పోలీస్ స్టేషన్ అన్నీ ఊరికి దగ్గరకొచ్చాయి, అంటే వార్త పుట్టే చోట్లు ఒక్కసారిగా పెరిగాయి. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు తెచ్చింది, అంటే ఒక్కో జిల్లాకి విడిగా మెయిన్ పేపర్‌తో పాటు వచ్చే చిన్న సైజు పేపర్. దీని వెనక వార్తల మీద ప్రేమ ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. రాష్ట్రమంతా తిరిగే పేపర్లో యాడ్ వేయించడం చీరాల బట్టల షాపు ఓనర్‌కో సూర్యాపేట ట్యూటోరియల్ కాలేజీకో అయ్యే పని కాదు, పైగా వాళ్ల యాడ్ శ్రీకాకుళంలో ఎవరు చూసినా లాభం లేదు. ఒక్క జిల్లాలోనే పడే పేజీ అయితే రేటు తక్కువ, చూసేవాళ్లంతా కొనే అవకాశం ఉన్నవాళ్లే. అలా చిన్న వ్యాపారి డబ్బు పేపర్లోకి వచ్చింది, ఆ యాడ్ల చుట్టూ నింపడానికి జిల్లా వార్తలు కావాల్సి వచ్చాయి, ఆ వార్తల కోసం మండలానికో విలేకరి కావాల్సి వచ్చాడు.

తర్వాత అందరూ అదే దారి పట్టారు. 1996లో వార్త వచ్చింది, మూతపడ్డ ఆంధ్రజ్యోతి 2002లో మళ్లీ మొదలైంది, 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో దిగింది, 2011లో నమస్తే తెలంగాణ. ఇవాళ ఓ మాదిరి మండల కేంద్రంలో ప్రెస్ మీట్ పెడితే పేపర్లు, టీవీలు, యూట్యూబ్ చానెళ్లు కలిపి ఎన్ని లోగోలు టేబుల్ మీదకొస్తాయో లెక్కపెట్టడం కష్టం.

ఈ చరిత్రలోనే అసలు కిటుకు ఉంది. జిల్లా పేజీ రోజూ నిండాలి, ఇది ఒకటి. ఆ పేజీకి డబ్బు లోకల్‌గానే రావాలి, ఇది రెండోది. మొదటిది సంస్థలకు కలిసొచ్చే విషయం, రెండోది తలనొప్పి తెచ్చే విషయం. విలేకరి ఈ రెంటి మధ్యా నలిగే మనిషి.

మండల విలేకరుల్లో చాలామందికి జీతం అంటూ ఉండదు. స్టాఫ్ రిపోర్టర్ వేరు, అతనికి ఉద్యోగం, జీతం, పీఎఫ్ ఉంటాయి, సాధారణంగా జిల్లా కేంద్రంలోనో డివిజన్ కేంద్రంలోనో కూర్చుంటాడు. మండలంలో తిరిగేది కంట్రిబ్యూటర్, స్ట్రింగర్ అని కూడా అంటారు, అతనికి వచ్చేది లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి ఇచ్చే చిన్న మొత్తం, బండి పెట్రోల్‌కి కూడా చాలదని వాళ్లే చెప్పుకుంటారు. కాబట్టి అతనికి వేరే బతుకుదెరువు తప్పదు, ఎల్ఐసీ ఏజెంటో, ప్రైవేటు టీచరో, ఫొటో స్టూడియోనో, రెండెకరాల సేద్యమో. చాలాచోట్ల దీనికి తోడు యాడ్ టార్గెట్లు, కొన్నిచోట్ల చందాలు కట్టించే పని కూడా అతని నెత్తినే ఉంటుంది. ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి, దసరా, పేపర్ వార్షికోత్సవం, లోకల్ లీడర్ పుట్టినరోజు, ఇవన్నీ యాడ్ సీజన్లే. పొద్దున వార్త కోసం వచ్చిన మనిషే సాయంత్రం యాడ్ కోసం వస్తాడు, ఇది అతని తప్పు కాదు, వ్యవస్థ అలా కట్టారు. కానీ అవతలి కుర్చీలో కూర్చున్న స్కూల్ కరస్పాండెంట్‌కి మాత్రం "యాడ్ ఇవ్వకపోతే వార్త రాయడేమో" అనే అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఈ అనుమానాన్ని ఎలా తీర్చుకుంటారు అన్నదాని మీదే సంబంధం నిలుస్తుందా లేదా అన్నది ఉంది. ఎక్కువమంది చేసేది ఏంటంటే, వార్త పడాలనుకున్నప్పుడల్లా చిన్న యాడ్ ఇవ్వడం, వార్త పడకపోతే యాడ్ బిల్లు ఆపడం. ఇది చాలా చెడ్డ అలవాటు. బిల్లు ఆగితే ఆ డబ్బు చాలాసార్లు విలేకరి కమీషన్లోంచో జేబులోంచో పోతుంది, పేపర్ యాజమాన్యానికి ఏమీ కాదు. దానికన్నా సంవత్సరం మొదట్లోనే కూర్చుని యాడ్లకు ఇంత, ఏ పేపర్‌కి ఏ సందర్భంలో ఎంత అని రాసిపెట్టుకుని, ఆ మాటే అందరికీ ఒకేలా చెప్పేస్తే గొడవ సగం తగ్గుతుంది. "అన్నా, మా బడ్జెట్ ఇంతే, జూన్‌లో అడ్మిషన్లప్పుడు, జనవరిలో వార్షికోత్సవానికి, మధ్యలో అడగొద్దు" అని నవ్వుతూ చెప్పిన మాటను ఏ విలేకరీ తప్పు పట్టడు, అతనికి కూడా పైవాళ్లకు చెప్పుకోడానికి ఓ మాట దొరుకుతుంది. యాడ్ మాట యాడ్‌దే, వార్త మాట వార్తదే, రెండూ ఒకే ఫోన్ కాల్‌లో రాకూడదు. ఇక బిల్లు టైమ్‌కి కట్టేస్తే ఆ సంస్థ పేరు లోకల్ ప్రెస్‌లో దానంతటదే మంచిగా తిరుగుతుంది, ఇది ఎవరూ బయటికి చెప్పని రహస్యం.

డబ్బు కవర్ల సంగతి వేరు. ప్రెస్ మీట్ అయ్యాక నోట్‌ప్యాడ్ మధ్యలో కవర్ పెట్టి ఇవ్వడం కొన్నిచోట్ల మామూలైపోయింది, తీసుకోనివాళ్లూ ఉన్నారు, వాళ్ల ముందు ఆ కవర్ చాపితే అవమానంగా ఫీలవుతారు, తీసుకునేవాళ్లు వచ్చేసారి ఇంకాస్త బరువైన కవర్ కోసం చూస్తారు, ఎలా చూసినా ఇచ్చినవాడికి మిగిలేది ఏమీ లేదు. ఇదే జబ్బు పెద్ద సైజులో ఎక్కడిదాకా పోయిందో 2009 ఎన్నికలప్పుడు బయటపడింది. అభ్యర్థుల దగ్గర డబ్బులు తీసుకుని వార్తల్లాగే వేసిన పెయిడ్ న్యూస్ మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే గొంతు విప్పింది, పత్రికల మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల సబ్ కమిటీలో జర్నలిస్టు పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు ఎడిటర్ కె.శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. వాళ్లు పేర్లతో సహా ఇచ్చిన పూర్తి రిపోర్టును కౌన్సిల్ 2010లో బయటపెట్టలేదు, కుదించిన రిపోర్టే వచ్చింది, కేంద్ర సమాచార కమిషన్ చెప్పాకే 2011లో అసలుది జనం ముందుకొచ్చింది. అప్పట్నుంచీ పాఠకుడికి ఓ కన్ను తెరుచుకుంది, పేజీలో ఎక్కడా మచ్చ లేకుండా పొగిడే వార్త చూస్తే "ఇది కొన్నదే" అని చిన్న ఊళ్లో కూడా అనేస్తారు. అంటే కొన్న పొగడ్త నైతికంగా తప్పా ఒప్పా అనేది పక్కనపెట్టినా, పని కూడా చెయ్యదు.

డాక్టర్లకైతే ఇందులో ఇంకో చిక్కు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల ప్రకారం డాక్టర్ తనని తాను ప్రచారం చేసుకోకూడదు. ప్రాక్టీస్ మొదలుపెట్టడం, అడ్రస్ మారడం, కొన్నాళ్లు అందుబాటులో ఉండకపోవడం, మళ్లీ రావడం లాంటివి మాత్రమే పేపర్లో ప్రకటించుకోవచ్చు. "జిల్లాలోనే మొదటిసారి అరుదైన ఆపరేషన్" అనే వార్తలు జిల్లా పేజీల్లో ఎన్ని వస్తాయో చూసేవాళ్లకు తెలుసు, చాలావాటికి ఆ గీత మీద నడక తప్పదు. దానికన్నా సీజన్‌లో డెంగీ గురించో పాముకాటు గురించో జనానికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పే డాక్టర్ నంబర్ విలేకరి ఫోన్లో సేవ్ అయి ఉంటుంది, వర్షాకాలం రాగానే అతనే ఫోన్ చేస్తాడు. అరుదైన ఆపరేషన్ ఒక రోజు వార్త, ఇది ఏటా వచ్చే వార్త.

విలేకరి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. సోమవారం తెలంగాణలో కలెక్టరేట్లలో ప్రజావాణి, ఆంధ్రలో కూడా కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునేది సోమవారమే, జిల్లా కేంద్రంలో ఉన్న రిపోర్టర్లు, కెమెరామెన్లు దాదాపు అంతా అక్కడే ఉంటారు. సరిగ్గా ఆ రోజు పదకొండింటికి ప్రెస్ మీట్ పెట్టి ఎవరూ రాలేదని బాధపడే సంస్థలు బోలెడు. ఆదివారం ఆఫీసులు ఉండవు, రాజకీయ మీటింగ్‌లు లేకపోతే వార్తలు తక్కువ, సోమవారం పేపర్‌కి పేజీ నింపడం డెస్క్‌కి, అంటే ఆఫీసులో కూర్చుని పేజీ తయారుచేసేవాళ్లకి, కష్టం, కాబట్టి తీరిగ్గా చదివే మంచి కథనం ఏదైనా ఉంటే ఆదివారానికి ముందే విలేకరి చేతిలో ఉంటే చోటు దొరికే అవకాశం ఎక్కువ. మండల వార్తలు డెస్క్‌కి చేరాల్సింది సాయంత్రానికి, పేపర్ని బట్టి కాస్త అటూ ఇటూ. రాత్రి ఎనిమిదింటికి "ఇవాళ మా దగ్గర కార్యక్రమం జరిగింది, రేపు వెయ్యి తమ్ముడూ" అని పంపితే అతను ఏం చేయలేడు, చేయలేనని చెప్పడానికి మొహమాటపడి ఫోన్ ఎత్తడు, అవతలివాళ్లు పొగరు అనుకుంటారు.

పంపే పద్ధతి కూడా చూడాలి. లెటర్‌హెడ్ మీద టైప్ చేసి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, దాన్ని వంకరగా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, విలేకరి దాన్ని చూసి మళ్లీ మొత్తం టైప్ చేసుకోవాలి. లేదంటే డీటీపీ వాళ్లు వాడే అను అనే తెలుగు ఫాంట్లో చేసిన ఫైల్ పంపుతారు, ఫోన్లో తెరిస్తే పిచ్చి గుర్తులు. యూనికోడ్‌లో మామూలు మెసేజ్‌లా టైప్ చేసి పంపితే అతను కాపీ చేసి రెండు లైన్లు మార్చి ఐదు నిమిషాల్లో ఫైల్ చేసేస్తాడు. పది మంది పంపిన పది నోట్లలో ఏది ముందు వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. నోటు పొడవు పదిహేను లైన్లు దాటకుండా, పేర్లూ ఇంటిపేర్లూ తప్పుల్లేకుండా, ఫొటోలో ఎడమ నుంచి ఎవరెవరో రాసి, ఎవరైనా డౌట్ అడిగితే ఎత్తే ఒక ఫోన్ నంబర్ కింద పెట్టి పంపితే చాలు. ఫొటో అంటే రిబ్బన్ కట్ చేస్తూ పన్నెండు మంది కెమెరా వైపు చూసే ఫొటో కాదు, పని జరుగుతున్న ఫొటో. మందులు పంచుతున్నారంటే మందు తీసుకుంటున్న ముసలమ్మ మొహం కనపడాలి, ఆమెను అడిగి తీసింది అయి ఉండాలి. స్కూళ్లయితే పిల్లల ఫొటోల విషయంలో ముందే తల్లిదండ్రుల అనుమతి తీసుకుని ఉంచుకోవడం మంచిది.

అసలు ఏది వార్త? ఇక్కడే చాలా సంస్థలు బోల్తా పడతాయి. సంస్థకు ముఖ్యమైనదల్లా ఊరికి ముఖ్యం కాదు. కొత్త బ్లాక్ ప్రారంభోత్సవం సంస్థకు పండగ, పాఠకుడికి ఏమీ కాదు. కానీ ఆ బ్లాక్ వల్ల డయాలసిస్ కోసం గుంటూరో వరంగలో వెళ్లాల్సిన పని తప్పిన ఒక రైతు ఉంటే, అతను వారానికి ఎన్నిసార్లు బస్సెక్కేవాడు, ఎంత ఖర్చయ్యేది, ఇప్పుడు ఎంత అవుతోంది అన్నది వార్త. విలేకరికి కావాల్సింది మనిషి, ఊరు, అంకె, ఈ మూడూ ఉంటే అతను మిగతాది చూసుకుంటాడు. అంకెలు కూడా నిజమైనవి, ఆరు వందల మందికి కంటి పరీక్షలు చేసి రెండు వేలు అని చెప్పే సంస్థలు ఉన్నాయి, ఒకసారి దొరికితే మళ్లీ చెప్పే నిజం కూడా నమ్మరు.

ఒక ఉద్యమం జిల్లా పేజీని ఎలా వాడుకుందో, జిల్లా పేజీ ఉద్యమాన్ని ఎలా వాడుకుందో చూడాలంటే నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక పోరాటం కన్నా మంచి ఉదాహరణ లేదు. అక్షరాస్యత కార్యక్రమంలో చదువు నేర్చుకుంటున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం 1992లో పెద్ద సంచలనం, ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసిపోయింది. ఈనాడు దాన్ని వదల్లేదు, రోజుల తరబడి పేజీల్లో చోటిచ్చింది. అయితే చోటిచ్చినా నింపడానికి రోజూ కొత్త సంగతి ఉండాలి కదా, అది ఇచ్చింది ఊళ్లు. ఇవాళ ఈ ఊళ్లో సారా ప్యాకెట్లు తగలబెట్టారు, రేపు ఆ ఊళ్లో వేలం పాట అడ్డుకున్నారు, ఎల్లుండి ఇంకో ఊళ్లో తాగొచ్చిన మొగుడికి అన్నం పెట్టలేదు, ప్రతిదానికీ ఒక ఊరి పేరు, ఒక మనిషి పేరు, నిన్న జరిగిన పని. పక్క ఊరి వార్త చదివి ఇంకో ఊరు కదిలేది, అది మళ్లీ వార్త అయ్యేది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం అమలు చేశారు, అది ఎన్నాళ్లు నిలిచిందనేది వేరే చర్చ. పేపర్‌కి కూడా ఇందులో రాజకీయ ఆసక్తి ఉంది, అమ్మకాల ఆసక్తి కూడా ఉంది, అది దాచాల్సిన విషయమేమీ కాదు. ఎవరి అవసరం వాళ్లకున్నా ఇద్దరికీ లాభం జరిగే చోటు దొరికింది. దూబగుంట ఆడవాళ్లు ప్రెస్ మీట్ పెట్టలేదు, శాలువా కప్పలేదు, చేసే పని చేస్తూ పోయారు, అడిగినవాళ్లకు దాపరికం లేకుండా చెప్పారు.

చిన్న సంస్థ ఆ స్థాయి సంచలనం చేయక్కర్లేదు గానీ ఆ లయ పట్టుకోవచ్చు. రైతుల సొసైటీ ఏడాదికోసారి భారీ మీటింగ్ పెట్టే బదులు, ఈ నెల పసుపు రేటు ఎలా ఉంది, సభ్యులు ఎక్కడ అమ్మారు, కోల్డ్ స్టోరేజీలో ఎంత ఉంది లాంటి రెండు లైన్లు నెలకోసారి విలేకరికి పంపుతూ ఉంటే, వాటిలో పది పేపర్లో పడవు, పదకొండోది పెద్ద వార్త అవుతుంది. ఎందుకంటే పసుపు రేటు పడిపోయిన రోజు అతనికి మాట్లాడేవాళ్లు కావాలి, అప్పుడు గుర్తొచ్చేది ఈ పేరే. తన సంస్థ గురించి కాని సమాచారం ఇవ్వడం చాలామందికి నష్టంలా అనిపిస్తుంది, నిజానికి విలేకరి దృష్టిలో ఒక మనిషి విలువ పెరిగేది అక్కడే.

ఎవరితో సంబంధం అన్నది కూడా చూసుకోవాలి. అందరూ స్టాఫ్ రిపోర్టర్ చుట్టూ, బ్యూరో చీఫ్ చుట్టూ తిరుగుతారు. వాళ్లకి బదిలీలు ఉంటాయి, రెండు మూడేళ్లలో వేరే జిల్లాకి వెళ్లిపోతారు. మండల విలేకరి మాత్రం ఆ ఊరివాడే, పదేళ్లు పదిహేనేళ్లు అక్కడే ఉంటాడు, ఒక్కోసారి పేపర్ మారుతాడు తప్ప ఊరు మారడు. పెళ్లికీ చావుకీ ఎదురుపడే మనిషి. ఇంకొకరు ఉన్నారు, ఎవరికీ తెలియనివాళ్లు, డెస్క్‌లో కూర్చునే సబ్ ఎడిటర్. హెడ్డింగ్ పెట్టేది, ఏ వార్త ఎంత ఉండాలో తేల్చేది, కోసేది ఆ మనిషే. విలేకరి పెద్దగా పంపినా చిన్నదై వచ్చిందంటే చాలాసార్లు అది డెస్క్ పని, దానికి విలేకరి మీద అరిస్తే లాభం లేదు. మంచి వార్త వచ్చినప్పుడు విలేకరికి థ్యాంక్స్ చెప్పడంతో పాటు "హెడ్డింగ్ ఎవరు పెట్టారు, బాగుంది" అని ఒక మాట అడిగితే అది డెస్క్‌కి చేరుతుంది, అలాంటి మాట వాళ్లు ఎప్పుడోగానీ వినరు కాబట్టి గుర్తుంచుకుంటారు కూడా.

పేపర్ల రాజకీయ రంగు తెలుగువాళ్లకు కొత్త కాదు. విశాలాంధ్ర, ప్రజాశక్తి కమ్యూనిస్టు పార్టీలవని దాచుకోలేదు, సాక్షి పెట్టింది జగన్, మిగతావి ఎటు మొగ్గుతాయో టీకొట్టు దగ్గర కూడా తెలుసు. ఇందులో చిన్న సంస్థ ఎలా ఇరుక్కుంటుందంటే, ఫంక్షన్‌కి అధికార పార్టీ ఎమ్మెల్యేని పిలుస్తుంది, వార్త మొత్తం ఆయన స్పీచ్ అయిపోతుంది, అవతలి పక్షం పేపర్‌కి అది వార్త కాకుండా పోతుంది, ఐదేళ్ల తర్వాత ప్రభుత్వం మారితే సంస్థ మీద ముద్ర మిగులుతుంది. పిలవక తప్పని చోట పిలవాలి, ఊళ్లో బతకాలి కదా, కానీ సంస్థ పని గురించిన వార్త ఆ రోజు ఇవ్వకుండా వేరే రోజు రాజకీయం లేకుండా ఇస్తే అన్ని పేపర్లూ తీసుకుంటాయి. ఒక పేపర్‌కి మాత్రమే ముందు చెప్పి మిగతావాళ్లకు చెప్పకపోవడం కూడా ఇలాంటి చిక్కే. స్పెషల్ స్టోరీ ఒక విలేకరి సొంతంగా తవ్వుకుంటే అది అతనిది, దాన్ని మిగతావాళ్లకు లీక్ చేయకూడదు, మామూలు సమాచారం మాత్రం ఒకే టైమ్‌కి అందరికీ వెళ్లాలి. చిన్న పేపర్ వాళ్లని వెనక వరసలో కూర్చోబెట్టే సంస్థలు కొన్నాళ్లకు వాళ్లలోనే ఒకరు పెద్ద పేపర్‌లో చేరాక నాలుక కరుచుకుంటాయి.

ఈ మధ్య మ్యాప్ కూడా మారింది. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిపి 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. బాపట్ల, పాడేరు లాంటి ఊళ్లకు కలెక్టరేట్ వచ్చింది, దాంతో పాటు జిల్లా పౌర సంబంధాల అధికారి, పేపర్ల బ్యూరోలు కూడా. ఇంకోపక్క 2020లో కోవిడ్ దెబ్బకి యాడ్లు పడిపోయి పేజీలు తగ్గాయి, జిల్లా టాబ్లాయిడ్లు చిక్కిపోయి మెయిన్ పేపర్లో కలిసిపోయాయి. జిల్లాలు పెరిగాయి, చోటు తగ్గింది. దాంతో ఒకప్పుడు ఈజీగా పడిన సన్మాన వార్తలకు ఇప్పుడు చోటు లేదు, ఇది ఒకరకంగా మంచికే.

పేపర్‌లో తగ్గిన చోటు ఫోన్లోకి మారింది. ఫోన్ యాప్‌లలో చిన్న చిన్న లోకల్ వార్తలు గంటలో వచ్చేస్తున్నాయి, యూట్యూబ్ చానెళ్లు ఊరికి రెండు మూడు. వీటిలో బాగా పనిచేసేవాళ్లు ఉన్నారు, పేపర్లో ఇమడలేక బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్న మంచి జర్నలిస్టులు ఉన్నారు, లోగో కొనుక్కుని స్కూళ్ల మీద పడి డబ్బులు అడిగేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. జిల్లాలో అక్రెడిటేషన్, అంటే ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు, ఉన్నవాళ్ల వివరాలు సమాచార శాఖ ఆఫీసులో అడగొచ్చు. అక్రెడిటేషన్ లేనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు, చాలామంది నిజమైన మండల విలేకరులకు కూడా అది ఉండదు, అలాంటప్పుడు పేపర్ జిల్లా ఆఫీసుకి ఒక ఫోన్ చాలు. బెదిరించి డబ్బు అడిగితే ఇవ్వకుండా పోలీసులకు చెప్పడమే దారి, ఒకసారి ఇచ్చిన చోటికి నెలనెలా వస్తారు.

రేడియోని అందరూ మర్చిపోయారు గానీ అదిలాబాద్, కొత్తగూడెం, మార్కాపురం, అనంతపురం, కడప లాంటి చోట్ల ఆకాశవాణి స్టేషన్లు ఉన్నాయి, వ్యవసాయం, ఆరోగ్యం మీద మాట్లాడేవాళ్లు వాళ్లకు కావాలి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, పాటలు, ఊరి సంగతులు వాళ్ల మాటల్లోనే చుట్టుపక్కల ఊళ్లకు చేరేవి. బయటి మీడియా తమ గురించి రాసేదాకా ఆగకుండా సొంత గొంతు పెట్టుకోవడంతో, తర్వాత బయటి మీడియానే వెతుక్కుంటూ వాళ్ల దగ్గరికి వెళ్లింది.

ఇన్నాళ్లూ కట్టుకున్న సంబంధం నిజంగా ఉందో లేదో తేలేది చెడ్డ రోజున. ఆస్పత్రిలో పేషెంట్ చనిపోయి బంధువులు ధర్నా చేస్తున్నారు, స్కూల్ బస్సు బోల్తా పడింది, హాస్టల్లో ఫుడ్ పాయిజన్ అయింది. అలాంటప్పుడు విలేకరి ఫోన్ చేస్తే స్విచాఫ్ పెట్టుకోవడం సంస్థలు చేసే అతి పెద్ద తప్పు. సాయంత్రానికల్లా వార్త వెళ్లాలి, ఒకవైపు మాటే దొరికితే ఒకవైపు మాటే వెళ్తుంది, అందులో విలేకరి కుట్ర ఏమీ లేదు. అన్నీ తెలియకపోయినా తెలిసినంత చెప్పాలి, ఎంతమందికి ఏమైంది, ఎక్కడ చికిత్స, ఎవరు చూస్తున్నారు, ఇంకో గంటలో మళ్లీ చెప్తామని టైమ్ ఇచ్చి ఆ టైమ్‌కి చెప్పాలి. "ఈ వార్త వెయ్యొద్దు" అని పాత పరిచయం వాడటం మాత్రం చేయకూడదు. అతను వెయ్యకపోయినా మిగతా పది మంది వేస్తారు, అతనికి ఆఫీసులో మాట పడుతుంది, ఆ మాటతో ఏళ్ల స్నేహం పోతుంది. అడగాల్సింది "మా వివరణ కూడా వెయ్యి" అని, అది అడిగే హక్కు ఉంది.

ఇక్కడ చట్టం కూడా తెలిసుండాలి. లైంగిక వేధింపుల కేసుల్లో పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, స్కూలు, గుర్తుపట్టే ఏ వివరమైనా మీడియాలో రావడాన్ని పోక్సో చట్టం 23వ సెక్షన్ నిషేధిస్తుంది. హడావిడిలో స్కూల్ వాళ్లే విలేకరులకు వివరాలు చెప్పేస్తే అటు పాపకీ అన్యాయం, ఇటు కేసు కూడా.

తప్పు వార్త వచ్చినప్పుడు ముందు విలేకరికి, తర్వాత డెస్క్‌కి ఏది తప్పో, ఆధారం ఏంటో రాసి పంపాలి. ఎక్కువ సందర్భాల్లో మర్నాడో ఆ మర్నాడో సవరణో వివరణో వస్తుంది, లేదా అదే సంగతి సరిచేసి ఫాలోఅప్ వార్తగా వస్తుంది, చిన్నదే అయినా అది చాలు. అప్పటికీ పట్టించుకోకపోతే ఎడిటర్‌కి రాతపూర్వకంగా ఉత్తరం, దానికీ జవాబు లేకపోతే ప్రెస్ కౌన్సిల్. దినపత్రిక మీద ఫిర్యాదు వార్త వచ్చిన రెండు నెలల్లోపు చేయాలి, ఎడిటర్‌కి రాసిన ఉత్తరం కాపీ జత చేయాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలించగలదు, ఖండించగలదు, అంతే. టీవీ చానెళ్లు దాని పరిధిలోకి రావు. పరువు నష్టం నోటీసు అనేది ఇవన్నీ అయ్యాక ఆలోచించాల్సిన సంగతి, మొదటి రోజే లాయర్ చేత నోటీసు పంపిస్తే పేపర్‌కేం కాదు, లీగల్ సెల్ చూసుకుంటుంది, దెబ్బ తినేది లైన్ అకౌంట్ మీద పనిచేసే ఆ మండల విలేకరే, వచ్చే పండక్కి యాడ్ కోసం మళ్లీ ఇదే గుమ్మం ఎక్కాల్సింది కూడా అతనే.